ఐదు గళ్ళలో ఇంగ్లీషు పదం: అక్షరాల ఆధారంతో వెదికే పద్ధతి

గళ్ళ నుడికట్టులోనైనా, ఐదక్షరాల పదాన్ని ఊహించే వర్డిల్‌ ఆటలోనైనా, అక్షరాల బిళ్ళలు పేర్చే స్క్రాబుల్ పలక మీదనైనా చివరికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇన్ని అక్షరాల పదం కావాలి, అందులో ఫలానా అక్షరాలు ఉండాలి. ఇంగ్లీషు ధారాళంగా చదివేవారు కూడా ఇక్కడ తడబడుతుంటారు. తెలుగులో పలికినట్టే రాస్తాము కాబట్టి మనము పదాన్ని చెవితో వెదకడానికి అలవాటు పడ్డాము. ఐదు గళ్ళలో మొదటిది కె (K), చివరిది ఇ (E) అని ఆధారమిస్తే మన మనసు వెంటనే 'క' గుణింతాన్ని తిరగేస్తుంది. ఆ దారిలో 'నైఫ్' ఎన్నటికీ తగలదు. 'డౌట్'లో బి ఉందని చెవి చెప్పదు. ఈ పనికి కావలసింది కన్ను.

కనుక ముందు కాగితం మీద ఎన్ని అక్షరాలో అన్ని గళ్ళు గీయాలి. స్థానం తెలిసిన అక్షరాలను ఆయా గళ్ళలో, ఉన్నాయని మాత్రమే తెలిసిన వాటిని గళ్ళ పైన, లేవని తేలిన వాటిని కింద రాయాలి. ఈ మూడింటినీ మనసులో కలగలిపి ఉంచుకోవడం వల్లనే సగం పొరపాట్లు జరుగుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాము. ఐదు గళ్ళు, మూడవది ఏ, అయిదవది ఇ, ఎల్ ఎక్కడో ఉంది. అంటే ఎల్ ఒకటవ, రెండవ, నాలుగవ గళ్ళలో ఏదో ఒకదానిలో ఉండాలి. రెండవ గడిలో పెట్టి చూస్తే, ఇంగ్లీషు పదం మొదట్లో ఎల్‌తో జతకట్టే హల్లులు ఏవో ఆలోచించాలి: బి, సి, ఎఫ్, జి, పి, ఎస్. ఇక ఒక్కొక్కదాన్నీ వరుసగా పట్టుకుంటే బ్లేడ్, బ్లేమ్, బ్లేజ్; ఫ్లేక్, ఫ్లేమ్, ఫ్లేర్; గ్లేర్, గ్లేజ్; ప్లేస్, ప్లేన్, ప్లేట్; స్లేట్, స్లేవ్ వస్తాయి. సి దగ్గర జీవశాస్త్రంలోని క్లేడ్ దొరుకుతుంది. మొదటి గడిలో అచ్చు ఉండవచ్చునని గుర్తుంటే ఎలేట్ కూడా తడుతుంది. నాలుగవ గడిలో ఎల్ పెడితే స్కేల్, స్టేల్, షేల్, వేల్ అనే తిమింగలం. మొదటి గడిలో పెడితే లీజ్, లీవ్. చివరి రెండింటినీ చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే వాటిలోని 'ఏ' (A) చెవికి వినబడదు. 'లీ' అని మాత్రమే వినిపిస్తుంది. తెలియని పదాలేమీ కాకపోయినా, చెవిని నమ్ముకున్నవారికి అవి అందవు.

ఇలా ఇరవై దాకా పదాలు తేలినప్పుడు, ఆరు ప్రయత్నాలే ఉండే వర్డిల్ వంటి ఆటలో ఒక్కొక్కదాన్నీ ప్రయత్నించడం అవివేకం. తేడా ఎక్కడుందో గమనించాలి: ఎల్ రెండవ గడిలో ఉన్న పదాలలో మొదటి అక్షరమూ, నాలుగవ అక్షరమూ మాత్రమే మారుతున్నాయి. కాబట్టి జవాబు కాదని తెలిసినా 'బంప్స్' వంటి పదాన్ని వేస్తే బి, ఎమ్, పి, ఎస్‌ల సంగతి ఒక్కసారే తేలిపోతుంది. తేలిన ఆధారాలను తరువాతి ప్రయత్నాలలో వాడి తీరాలనే హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ వెసులుబాటు ఉండదు.

ఇచ్చిన అక్షరాలు ఒకటికి మించితే అరుదైనదానితో మొదలుపెట్టాలి. ఏది అరుదో తెలుసుకోవడానికి స్క్రాబుల్ పెట్టె చాలు. అందులోని 100 బిళ్ళల్లో ఇ 12, ఏ 9, ఐ 9 ఉండగా, జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే ఉంటాయి. ఎస్ విషయంలో మాత్రం ఈ లెక్కను నమ్మకూడదు. బిళ్ళలు నాలుగే ఉన్నా, బహువచనాల పుణ్యమా అని భాషలో అది అడుగడుగునా కనిపిస్తుంది.

క్యూ వచ్చిందంటే భయపడనక్కరలేదు. నిజానికి అంత ఉపకారం చేసే అక్షరం మరొకటి లేదు. దాని వెంట యు, ఆ వెంట మరో అచ్చు దాదాపు తప్పక వస్తాయి. అంటే ఒక్క ఆధారంతో మూడు గళ్ళ స్వభావం తెలిసిపోతుంది: క్విక్, క్వైట్, కోట్ వలె మొదట గానీ, ఈక్వల్, స్క్వాడ్ వలె రెండవ గడిలో గానీ, అరుదుగా 'పీక్' (pique) వలె మూడవ గడిలో గానీ అది కూర్చుంటుంది. ఈ సూత్రానికి లొంగని బుర్ఖా, ఫకీర్ మనకు తెలుగు మాటలంత పరిచితమైనవి. ఆ రెండింటిని ఇంగ్లీషులో క్యూతో కూడా రాస్తారు. అందులో క్యూ తరువాత యు ఉండదు.

అక్షరాలన్నీ ఇచ్చి వరుస మాత్రం ఇవ్వనప్పుడు దారి వేరు. వాటిని వర్ణక్రమంలో పేర్చితే ఒక తాళంచెవి తయారవుతుంది. ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి అనే ఆరక్షరాల తాళంచెవికి లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ అనే అయిదు పదాలూ తెరుచుకుంటాయి. చేత్తో చేసేటప్పుడు అక్షరాలను వరుసగా గాక గుండ్రంగా రాసుకుంటే పాత వరుస కంటికి అడ్డురాదు.

ఇక కంప్యూటరు. పదాల పట్టిక ఎక్సెల్‌లో ఉంటే, టెక్స్ట్ ఫిల్టర్లలోని కస్టమ్ ఫిల్టర్‌లో 'ఈక్వల్స్' ఎంచుకొని, రెండు ప్రశ్నార్థకాలు, ఏ, ఒక ప్రశ్నార్థకం, ఇ అని ఖాళీలు లేకుండా ఇంగ్లీషులో టైపు చేయాలి. ఒక్కో ప్రశ్నార్థకం ఒక్కో తెలియని అక్షరానికి గుర్తు. రెండవ షరతుగా 'కంటెయిన్స్' పెట్టి ఎల్ ఇస్తే మన ఉదాహరణ పూర్తవుతుంది. వన్‌లుక్ అనే ఆన్‌లైన్ నిఘంటువు కూడా ప్రశ్నార్థకాన్ని ఇదే అర్థంలో తీసుకుంటుంది. లినక్స్‌లో గ్రెప్ అనే వెదికే ఆదేశాన్ని వాడేవారు ప్రశ్నార్థకం బదులు చుక్క పెట్టాలి; నమూనాకు ముందు టోపీ గుర్తు (^), చివర డాలర్ గుర్తు ($) తప్పక ఉండాలి, లేకుంటే పొడవైన పదాలు కూడా వచ్చి పడతాయి. పట్టికలో మనుషుల, ఊళ్ల పేర్లు కలిసి ఉంటే బ్లేక్ వంటి పేరు కూడా ఈ నమూనాకు సరిపోతుంది కనుక, పెద్దక్షరంతో మొదలయ్యే వాటిని ముందే తీసివేయాలి.