ఇంజిన్ కంప్యూటర్ అప్‌డేట్ తర్వాత బ్యాటరీ లైటు వెలుగుతోందా? ఆల్టర్నేటర్ మార్చకముందే ఎర్త్ చూడండి

సమస్య ఇలా మొదలవుతుంది. పొద్దున బండి సర్వీసుకు ఇచ్చారు. ఇంజిన్ కంప్యూటర్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది, వేసేశామన్నారు. సాయంత్రం తెచ్చుకుంటుంటే ఉప్పల్ రింగ్ రోడ్డు కూడా దాటకముందే మీటర్లో ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగింది. లేదా రెండు రోజులు బాగానే నడిచి, మూడో రోజు రాత్రి ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెలిగింది. "అన్నా, సాఫ్ట్‌వేర్ ఎక్కించి బండి పాడు చేశారన్నా" అంటూ వస్తారు.

నేను ఉప్పల్ వైపు ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఈ మాటతో వచ్చిన బండ్లలో నిజంగా సాఫ్ట్‌వేర్ తప్పని తేలినవి చాలా తక్కువ. మిగతా అన్నిట్లో దొరికింది వోల్టేజీ తేడానే, కానీ నా దగ్గరికి వచ్చేలోపు ఆ వోల్టేజీని ఎవరూ కొలవలేదు. స్కానర్ పెట్టారు, బండి కంప్యూటర్ రాసుకున్న లోపం కోడ్ చూశారు, చెరిపేశారు, లైటు ఆరింది, పంపించేశారు. మర్నాడు మళ్ళీ వెలిగింది. అప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని నింపేది) మార్చమన్నారు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వందలకే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ దొరుకుతుంది. రెండు నిమిషాలు దాన్ని పెట్టి చూడకుండా వేలకు వేలు ఖర్చు పెట్టిస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు వెలిగింది ఏ లైటో సరిగ్గా చూడండి. బ్యాటరీ బొమ్మతో ఎర్ర లైటు అంటే ఛార్జింగ్ గొడవ. ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు ఒక్కటే ఉంటే అది వేరే దారి, ఈ వ్యాసం దానికి కాదు. బ్యాటరీ లైటుతో పాటు స్టీరింగ్, ఏబీఎస్ లైట్లు కూడా ఒక్కసారే వెలిగాయంటే ఒకేసారి మూడు పాడయ్యాయని టెన్షన్ పడకండి. వోల్టేజీ పడిపోతే వాటి కంప్యూటర్లూ ఫిర్యాదు చేస్తాయి. జబ్బు ఒక్కటే. తాళం తిప్పగానే వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అవగానే ఆరిపోతే మాత్రం అది మామూలే, బల్బు పరీక్ష అంతే.

ఒక జాగ్రత్త. నడుస్తుండగా బ్యాటరీ లైటు వెలిగితే టెంపరేచర్ ముల్లు కూడా చూడండి. ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో వాటర్ పంపు కూడా ఆగుతుంది. ముల్లు పైకి పోతుంటే అక్కడే పక్కకు ఆపేయాలి, ఇంటిదాకా లాక్కెళ్ళొద్దు.

అప్‌డేట్‌కీ లైటుకీ సంబంధం ఎక్కడ?

సంబంధం ఉంది, కానీ అందరూ అనుకునే చోట లేదు. అప్‌డేట్ ఎక్కించేటప్పుడు ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి ఉంచాలి. బండిని బట్టి కొన్ని నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. అంతసేపూ కంప్యూటర్లు, రిలేలు, కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాను కూడా బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. పద్ధతి ప్రకారం ఆ సమయంలో నిలకడగా వోల్టేజీ ఇచ్చే సపోర్ట్ యూనిట్ తగిలించాలి. అది పెట్టకపోయినా, మామూలు ఛార్జర్‌తో సరిపెట్టినా బ్యాటరీ బాగా దిగిపోతుంది. పైగా క్లిప్పులు తగిలించడానికి టెర్మినల్ కవర్లు తీస్తారు, టెర్మినల్‌ని పట్టుకునే క్లాంపులు కదులుతాయి, ఒక్కోసారి బ్యాటరీనే బయటికి తీస్తారు. అంటే సాఫ్ట్‌వేర్ మారిన రోజే బ్యాటరీ నీరసపడింది, దాని కనెక్షన్లు కదిలాయి. ఈ రెండూ వదిలేసి అందరూ సాఫ్ట్‌వేర్ వెంట పడతారు.

అందుకే మొదటి పని బ్యాటరీ. బండిని రాత్రంతా ఆపి, పొద్దున తలుపులు తీయకముందు ఉన్న స్థితిలో కొలవండి. బానెట్ ముందురోజే తీసి ఉంచుకోండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12 కంటే కింద ఉంటే వేరే ఏదీ పరీక్షించకండి, ముందు ఛార్జ్ పెట్టండి. తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడండి. 9.6 కంటే కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ పోయినట్టు.

రెండో పని టెర్మినళ్ళు. క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పండి. ఏ కొంచెం తిరిగినా లూజే. ఇది ఎంత చిన్న విషయమంటే దీన్ని చూడటం నామోషీ అనుకుంటారు. అప్‌డేట్ చేసి పంపిన బండ్లలో 10 నంబరు పానాతో ఒక్క చుట్టు బిగించగానే లైటు ఆరిపోయినవి నేను లెక్కపెట్టడం మానేశాను.

మూడోది, నెగటివ్ క్లాంపు మీద చిన్న డబ్బాలాంటి బ్యాటరీ సెన్సార్ ఉందేమో చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో చాలావాటిలో, ముఖ్యంగా సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే బండ్లలో ఇది ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత కరెంటు పోతోంది, ఎంత వస్తోందో ఇది కొలిచి చెబుతుంది. మనవాళ్ళు ఆంప్లిఫయర్, ఎక్స్‌ట్రా హారన్, ఫాగ్ లైట్ల ఎర్త్ వైరు (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి చేరే దారి) తెచ్చి సరాసరి బ్యాటరీ నెగటివ్ పోస్టుకే బిగిస్తారు. ఆ కరెంటు సెన్సార్ గుండా పోదు, కంప్యూటర్ లెక్క తప్పుతుంది. ఆ వైర్లు తీసి బండి బాడీకి బిగించండి. బ్యాటరీ తీసి పెట్టాక సెన్సార్ మళ్ళీ లెక్క కుదుర్చుకోవడానికి బండి కొన్ని గంటలు కదలకుండా ఉండాలి. కాబట్టి మొదటి రోజు ఆటో స్టాప్ పని చేయకపోతే కంగారు పడొద్దు.

నన్ను దెబ్బ తీసిన కారణం

ఇప్పుడు అసలు సంగతి. నాలుగేళ్ళ కిందట బోడుప్పల్ నుంచి ఒకాయన డీజిల్ బండి తెచ్చారు. అప్‌డేట్ చేయించిన మూడో రోజు నుంచి బ్యాటరీ లైటు. సెల్ఫ్ కూడా కొంచెం బరువుగా తిరుగుతోంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలిస్తే 13.1. హెడ్‌లైట్లు, బ్లోవర్ వేస్తే 12.6కి దిగింది. ఆల్టర్నేటర్ పోయిందని తేల్చేశాను. బ్యాటరీని రాత్రంతా ఛార్జ్ పెట్టి, ఆల్టర్నేటర్ మార్చి ఇచ్చాను. రెండు రోజులు లైటు లేదు. మూడో రోజు వానలో, రాత్రి తొమ్మిదింటికి ఆయన మళ్ళీ షాపు ముందు నిలబడ్డారు. లైటు అలాగే వెలుగుతోంది.

ఆ రెండు రోజులు లైటు రాకపోవడానికి కారణం కొత్త ఆల్టర్నేటర్ కాదు, నేను పెట్టిన రాత్రి ఛార్జింగ్. నిండిన బ్యాటరీ తక్కువ కరెంటు తీసుకుంటుంది. అది నాకు ఆ రాత్రే అర్థమైంది. మీటరు ఒక ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోదాన్ని ఆల్టర్నేటర్ బాడీ మీద పెట్టాను. రెండూ ఎర్తే కదా, సున్నా దగ్గర ఉండాలి. 0.9 వోల్టులు చూపించింది. ఆల్టర్నేటర్ తన దగ్గర 14 ఇస్తోంది, బ్యాటరీ దగ్గరికి 13 చేరుతోంది. మధ్యలో ఒక వోల్టు ఎర్త్ దారిలోనే పోతోంది.

బ్యాటరీ ట్రే తీశాను. గేర్‌బాక్సు నుంచి ఛాసిస్‌కి పోయే ఎర్త్ కేబుల్ కనిపించింది. బోల్టు గట్టిగానే ఉంది, పానా వేస్తే కదల్లేదు. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. విప్పి లగ్ (కేబుల్ చివరి రింగు) ఎత్తితే దాని కింద బూడిద రంగు పొడి, చుట్టూ తుప్పు. లగ్ దగ్గర తొడుగును బ్లేడుతో చీలిస్తే లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే రాలిపోయాయి. నాలుగైదు తీగలు మాత్రం మిగిలాయి. అంత కరెంటూ వాటి మీదే నడుస్తోంది. పక్కనున్న గేర్ కేబుల్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. సరైన దారి మూసుకుపోతే కరెంటు దొరికిన దారిలో పోతుంది.

రాణిగంజ్ నుంచి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ తెచ్చి, లగ్గులు నొక్కించి వేశాను. తేడా 0.06కి వచ్చింది. పాత ఆల్టర్నేటర్ తిరిగి బిగించి, ఆయన డబ్బు వెనక్కి ఇచ్చేశాను.

మరి అప్‌డేట్ ముందు లైటు ఎందుకు రాలేదు? అదే దీని మాయ. ఆ కేబుల్‌లో ఒక ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉందనుకోండి. బ్యాటరీ నిండుగా ఉండి 10 ఆంపియర్లే పోతుంటే పోయేది 0.1 వోల్టు, ఎవరికీ తెలియదు. అప్‌డేట్ కోసం తాళం ఆన్‌లో ఉంచి బ్యాటరీ దించేశాక, దాన్ని నింపడానికి ఆల్టర్నేటర్ 60 ఆంపియర్లు తోస్తుంటే అదే కేబుల్‌లో 0.6 వోల్టు పోతుంది. రోగం పాతదే, ఆ రోజు బయటపడింది.

దీన్ని పట్టుకోవాలంటే మీటరులో తీగ తెగలేదని చెప్పే కంటిన్యుటీ బీప్ పనికిరాదు. ఒక్క తీగ మిగిలినా బీప్ మోగుతుంది. లోడు మీదే కొలవాలి. ఇంజిన్ నడవాలి, హెడ్‌లైట్లు హై బీమ్, బ్లోవర్ ఫుల్, వెనకద్దం డీఫాగర్ ఉంటే అదీ వేసి, 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య ఒకరు యాక్సిలరేటర్ పట్టుకోవాలి. మీటరు డీసీ వోల్టుల మీద పెట్టి, నేను చెప్పినట్టే నెగటివ్ పోస్టు నుంచి ఆల్టర్నేటర్ బాడీకి చూడండి. పోస్టు అంటే మధ్యలో ఉన్న సీసం మొన, క్లాంపు కాదు. క్లాంపు మీద పెడితే అక్కడి లూజు కనిపించకుండా పోతుంది. 0.2 లోపు ఉంటే వదిలేయండి. 0.3 దాటితే ఒక్కో ముక్క కొలుచుకుంటూ పోండి: పోస్టు నుంచి క్లాంపుకి, క్లాంపు నుంచి బండి బాడీకి, బండి బాడీ నుంచి ఇంజిన్‌కి. ఎక్కడ అంకె గెంతితే అక్కడుంది. ఆ తర్వాత ఆల్టర్నేటర్ వెనక పెద్ద స్టడ్ నుంచి బ్యాటరీ పాజిటివ్ పోస్టుకి ఇలాగే చూడండి. ఆ స్టడ్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ప్రోబు జారి బాడీకి తగిలితే నిప్పులు వస్తాయి. ఫ్యాను, బెల్టు దగ్గర చున్నీలు, వదులు చొక్కా చేతులు ఉండకూడదు.

వాన నీళ్ళలో దిగిన బండ్లలో ఈ కేబుల్‌ని ముందే అనుమానించండి. యాక్సిడెంట్ తర్వాత డెంటింగ్, పెయింటింగ్ చేయించిన బండ్లలో లగ్గును రంగు మీదే బిగించేస్తారు. అండర్‌కోటింగ్ చేయించిన వాటిలో ఆ నల్ల పూత బోల్టు కిందికి దిగుతుంది. బాగు చేయడం కష్టం కాదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి, బిగించేటప్పుడు అది చివర. లగ్ కూర్చునే చోట ఎమరీ కాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకండి. పళ్ళ వాషర్ వేసి బిగించి, బిగించాకే పైన వ్యాజ్‌లైన్ రాయండి. కేబుల్ లోపల పచ్చబడితే శుభ్రం చేయకండి, మార్చేయండి.

ఇది మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో (ఆల్టర్నేటరే) బాగున్నట్టే అని చూసే పద్ధతి. కంప్యూటర్లు లేని కాలంలో నడిచింది. ఇప్పుడు బ్యాటరీ హఠాత్తుగా తప్పుకుంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి, కొత్తగా అప్‌డేట్ చేసిన ఆ కంప్యూటర్‌నే కాల్చేయగలదు.

ఇవన్నీ బాగుంటే కోడ్ దగ్గరికి రండి. పీ0562 ఒక్కటే ఉంటే వోల్టేజీ తక్కువని అర్థం, పైన చెప్పిందే మళ్ళీ కొలవండి. పీ0620, పీ0622 అయితే ఆల్టర్నేటర్ వెనక చిన్న కప్లర్ తీసి పిన్నులు చూడండి, కంప్యూటర్ మాట ఆ సన్న వైరు మీదే పోతుంది. కొత్త బండ్లలో ఛార్జింగ్ వోల్టేజీని కంప్యూటరే మారుస్తుంటుంది. లోడు లేనప్పుడు 12.8 కనిపించిందని ఆల్టర్నేటర్ విప్పకండి, హెడ్‌లైట్లు వేసి చూడండి. బెల్టు జారడం, ఆటో స్టాప్ బండికి మామూలు బ్యాటరీ వేయడం, వేరే మోడల్ ఆల్టర్నేటర్ బిగించడం కూడా ఉంటాయి, కానీ అరుదు. చూడగానే తెలిసిపోతాయి.

పీ0602 ఉంటే మాత్రం ప్రోగ్రామింగ్ సగంలో ఆగిందనో, సరిగ్గా కూర్చోలేదనో అర్థం. అది బయట చేసే పని కాదు. అప్‌డేట్ వేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళి, ఈసారి సపోర్ట్ యూనిట్ తగిలించి మళ్ళీ ఎక్కించమనండి, పక్కనే నిలబడి చూడండి. వెళ్ళేటప్పుడు మీరు కొలిచిన అంకెలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి: పొద్దున బ్యాటరీ వోల్టేజీ, లోడు మీద ఛార్జింగ్, ఎర్త్ వైపు తేడా. ఆ మూడు అంకెలు కౌంటర్ మీద పెడితే ఆల్టర్నేటర్ మార్చాలన్న మాట అక్కడ రాదు.