ఏడీహెచ్‌డీ పిల్లల పెంపకం - 4వ పాఠం: నాలుగో రోజు అటకెక్కిన చింతపిక్కల గ్లాసు

ఏడీహెచ్‌డీ అంటే ఒకదాని మీద ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆలోచించకుండా చేసేయడం ఉండే సమస్య. ఈ వారం హోంవర్క్ గురించి చెప్తానన్నాను, అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి చెప్పిన చింతపిక్కల గ్లాసు చాలామంది ఇళ్లలో మూడు రోజులు బ్రహ్మాండంగా నడిచి నాలుగో రోజు ఆగిపోయిందట. దాన్ని అలా వదిలేసి హోంవర్క్ మొదలుపెడితే రెండూ చెడతాయి.

గ్లాసు సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పను. మూడే పనులు, పని అవగానే గ్లాసులో ఒక చింతపిక్క, రాత్రి లెక్క చూసి ఆ రాత్రే ఏదో ఒకటి ఇవ్వడం. ఇప్పుడు మీరు చేసినవి చూద్దాం. మూడు పనులు అన్నచోట పదకొండు రాశారు కొందరు, అందులో ఒకటి "బుద్ధిగా ఉండటం". బుద్ధిగా ఉండటం కంటికి కనిపించే పని కాదు, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో మీకే తెలియదు, ఎనిమిదేళ్ల వాడికి ఎలా తెలుస్తుంది? "స్కూల్ నుంచి రాగానే లంచ్ బాక్స్ సింకులో వేయడం" పని. "పిలిస్తే మొదటిసారికే రావడం" పని. ఇంకొకరు నెలాఖరుకి 200 పిక్కలైతే సైకిల్ కొంటామన్నారు. ఈ పిల్లలకి నెలాఖరు చాలా దూరం. బహుమతి ఎంత ఆలస్యమైతే దాని విలువ వీళ్లకి మిగతా పిల్లలకంటే అంత త్వరగా పడిపోతుంది, అందుకే నెలాఖరు సైకిల్ కన్నా ఈ రాత్రి మేడమీద నాన్నతో పది నిమిషాల క్రికెట్ బాగా పనిచేస్తుంది. వీడియో గేమ్ ముందు రెండు గంటలు కదలకుండా కూర్చోగలిగేదీ ఇందుకే, అక్కడ ప్రతి నిమిషం ఏదో ఒకటి చేతికొస్తూ ఉంటుంది.

తమ్ముణ్ణి కొట్టాడని గ్లాసులోంచి ఐదు పిక్కలు తీసేసినవాళ్లూ ఉన్నారు. తీసేసే పద్ధతి కూడా ఉంది, శిక్షణ ఉన్నవాళ్లు కొలిచి వాడతారు. ఇంట్లో కోపంలో వాడితే సాయంత్రానికి గ్లాసు ఖాళీ అయిపోతుంది, ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేని పిల్లాడు మీ మాట ఎందుకు వింటాడు? సంపాదించింది సంపాదించినట్టే ఉండనివ్వండి. కొట్టడం గురించి వేరే పాఠం ఉంది.

నాలుగో రోజు వాడికి విసుగొస్తుంది, అది మీ తప్పూ కాదు వాడి తప్పూ కాదు, కొత్తదనం పోయింది అంతే. బహుమతులు మార్చండి, వాడినే అడిగి ఆరేడు రాసుకోండి. రేపు పూరీయా దోశా అన్నది వాడే తేల్చడం, బండి మీద ఒక రౌండు, నానమ్మ పక్కన పడుకోవడం, ఇలాంటివి. చాక్లెట్లు నాకు నచ్చవు. ఫోన్ అసలు వద్దంటాను, ఇచ్చిన పావుగంట తర్వాత లాక్కోవడం ఇంకో యుద్ధం. పిక్కల లెక్క కోసం ఫోన్‌లో ఏదైనా యాప్ ఉందా అని అడిగేవాళ్లకి కూడా ఇదే జవాబు. ఇక "ఇది లంచం కదా" అనే పెద్దవాళ్లతో వాదించకండి, గ్లాసులో పిక్క వేసే పని వాళ్లకే అప్పజెప్పండి, వారంలో వాళ్లే మీకన్నా శ్రద్ధగా లెక్కలు చూస్తారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు ఒళ్లు మండించేది మాత్రం ఒకటుంది, తోక ఉన్న మెచ్చుకోలు. పిల్లాడు షూస్ తనంతట తనే వేసుకున్నాడు. పిక్క వేస్తూ అమ్మ, "శభాష్ నాన్నా! చూశావా, అనుకుంటే చేయగలవు!" ఆమె ప్రేమగానే అంది. వాడికి వినిపించింది మాత్రం, ఇన్నాళ్లూ నువ్వు అనుకోలేదు, అందుకే తిట్లు తిన్నావు అని. "రోజూ ఇలా ఉంటే నేనెందుకు అరుస్తాను?" అన్నా అంతే. "ఈరోజు సూర్యుడు పడమర ఉదయించాడా ఏంటి?" "బాగుంది కానీ అక్షరాలు ఇంకొంచెం గుండ్రంగా రాయొచ్చుగా." "అబ్బో, అక్క అడక్కుండానే చేస్తుంది, నువ్వూ చేశావే!" "ఇదే బుర్ర లెక్కల్లో పెడితే ఎంత బాగుండు." "సరే, చూద్దాం, రేపు కూడా ఇలాగే ఉంటావో లేదో." వీటిలో ఒక్కటైనా ఈ వారం మీ నోటి వెంట రాలేదంటే నేను నమ్మను.

ఇంత సాగదీస్తున్నది ఎందుకంటే, ఒకరోజు చేయగలిగి మర్నాడు చేయలేకపోవడమే ఈ సమస్య తీరు. రసెల్ బార్క్‌లీ అనే అమెరికన్ సైకాలజిస్టు దశాబ్దాలుగా చెప్తున్నది ఇదే: ఈ పిల్లలకి ఏం చేయాలో తెలుసు, తెలిసినదాన్ని ఆ క్షణంలో చేయడం దగ్గరే చిక్కు. తమను తాము అదుపులో పెట్టుకునే విషయంలో వీళ్లు వయసుకి దాదాపు 30 శాతం వెనక ఉంటారని ఆయన ఒక ఉజ్జాయింపు లెక్క కూడా చెప్తారు, అంటే పదేళ్ల వాడి నుంచి ఏడేళ్ల వాడి ఓపికే ఆశించాలి. అలాంటప్పుడు బాగా గడిచిన ఒక ఉదయాన్ని సాక్ష్యంగా పట్టుకుని మిగతా ఉదయాల మీద కేసు పెడితే, పిల్లాడు తెలివైనవాడైతే ఇంకోసారి బాగా చేయడమే మానేస్తాడు. మంచిగా చేసిన ప్రతిసారీ పాత బాకీ గుర్తుచేస్తుంటే ఎవరైనా అంతే.

ఏం అనాలి? మీరు చూసింది మాత్రమే, మూడు నాలుగు మాటల్లో. "పిలవగానే వచ్చావ్." "బ్యాగ్ నువ్వే సర్దావ్." పిక్క గ్లాసులో వేసి అక్కడితో ఆపండి. పోయినసారి స్టీలు గ్లాసే కావాలన్నది ఆ టంగుమనే చప్పుడు కోసం, ప్లాస్టిక్ డబ్బాలు పెట్టినవాళ్లు మార్చండి.

గ్లాసు బాగా నడుస్తోంది కదా, మాత్రలు ఆపేయొచ్చా అని అడిగినవాళ్లకి: ఆపకండి, ఆ నిర్ణయం మీ డాక్టర్‌తో కూర్చుని తీసుకోవాల్సింది. 2019లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ ఇచ్చిన సూచనల్లో కూడా నాలుగైదేళ్ల పిల్లలకి ముందు తల్లిదండ్రులకి ఇలాంటి శిక్షణ, ఆరు నిండినవాళ్లకి మందులూ ఇదీ కలిపి అని ఉంది. ఒకటి చేస్తున్నామని రెండోది మానేయమని ఎక్కడా లేదు.

ఇక అభ్యాసం, ఈసారి పిల్లాడికి ఏమీ లేదు, మీకే. ఐదు రోజులు, సాయంత్రం 7 నుంచి 8 వరకు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వంటింటి గట్టు మీద వదిలేయండి. పిల్లలు పడుకున్నాక విని, ఒక కాగితం మీద మూడు గడులు గీసి లెక్క వేయండి: ఎన్ని ఆర్డర్లు వేశారు, ఎన్నిసార్లు తోక లేకుండా మెచ్చుకున్నారు, ఎన్నిసార్లు తోకతో. గంట నిడివి ఉన్నది గంటా వినాలి, మధ్యలో జరిపితే మీకు ఇష్టం లేనివే జరిగిపోతాయి. భార్యాభర్తలు ఎవరి తోకలు వాళ్లే లెక్కపెట్టుకోండి, ఒకరివి ఇంకొకరు లెక్కపెడితే ఆ గొడవ వేరే చోటికి వెళ్తుంది. లెక్క అయ్యాక రికార్డింగ్ తుడిచేయండి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. స్లిప్ టెస్టులున్న వారంలో మాత్రం ఇది మొదలుపెట్టొద్దు. హోంవర్క్ పాఠానికి ఆ కాగితం కావాలి, దాచండి.