నాట్లు అయిపోయాయి, మందు కొట్టే ముందు డ్రోన్ కంట్రోళ్లు ఇద్దరు చూడండి

కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట వైపు నాట్లు చివరికొచ్చాయి. ఇంకో పది పదిహేను రోజుల్లో మంచు మొదలైతే అగ్గితెగులు వస్తుంది, వెనకే ఆకుచుట్టు పురుగు వస్తుంది, తెల్లారకముందే ఫోన్లు మోగుతాయి. "పొద్దున్నే వచ్చేయ్ అబ్బయ్యా, నాలుగెకరాలు కొట్టాలి" అంటారు, మనం కూడా సరే అనేస్తాం. కానీ మన డ్రోన్ ఎడగారు (రెండో) పంట తర్వాత ఎరువుల బస్తాల పక్కనో, అటక మీదో పడి ఉంటుంది. రెండు మూడు నెలలు ముట్టుకోని మెషిన్ అది. మొదటి ఫోన్‌కి సరే అనేముందు ఒక రోజు పూర్తిగా దానికి కేటాయించండి, ఆ రోజు కూలి పోయినా పర్వాలేదు.

నాకు ఇది ఎందుకంత పట్టింపో చెప్తాను. రెండేళ్ల కిందట డిసెంబరులో, కనుపూరు కాలువ కింద ఒక కయ్యలో పొద్దున్నే పనికి దిగాను. నాతో వచ్చిన కుర్రాడు నీళ్లకి వెళ్లాడు, నేను ఒక్కడినే డ్రోన్ చేతులు (మోటార్లు ఉండే మడత కడ్డీలు) విప్పి, బ్యాటరీ పెట్టి, పది లీటర్లు నింపి లేపాను. ఒక చేయి దగ్గర లాక్ పెట్టాను గానీ చివరిదాకా బిగించలేదు. రెండు గెలలు (వరసలు) బాగానే వెళ్లింది, మూడో గెల మలుపులో ఒక పక్కకి వాలి, ఆ చేయి మడతపడి, గిరగిరా తిరిగి కయ్యలో పడింది. డ్రోన్ పోయిందని బాధ లేదు. రైతు కొడుకు, ఏడెనిమిదేళ్ల పిల్లోడు, డ్రోన్ చూడాలని గట్టు మీద కూర్చున్నాడు, పడిన చోటికి ఇరవై అడుగులు కూడా లేదు. ఆ పిల్లోడి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. లేపేముందు మొబైల్ యాప్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి, 'రెడీ' అనే చూపించింది. చేయి బిగించామా లేదా అన్నది యాప్‌కి తెలియదు, దానికి ఆ చోట సెన్సర్ లేదు. వేలు పెట్టి చూసే మనిషికే తెలుస్తుంది.

తర్వాత పెద్ద విమానాల్లో ఏం చేస్తారో చదివాను. అక్కడ ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పేది), రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పేది), ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చేది) లాంటి కంట్రోళ్ల జోలికి ఎవరైనా వెళ్తే, ఒక్క కేబుల్ విప్పి బిగించినా సరే, పని చేసిన మనిషి కాకుండా ఇంకో అర్హత ఉన్న మనిషి వచ్చి మొదటి నుంచి తనే చూసి సంతకం పెట్టాలి. పని చేసినవాడు ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, తన పని తనే పాస్ చేసుకోకూడదు. ఇది ఊరికే పెట్టిన పద్ధతి కాదు. 2003 జనవరి 8న అమెరికాలో షార్లెట్ దగ్గర ఎయిర్ మిడ్‌వెస్ట్ వాళ్ల చిన్న ప్రయాణికుల విమానం లేచిన కాసేపటికే పడిపోయి 21 మంది చనిపోయారు. అంతకు ముందు మెయింటెనెన్స్‌లో ఎలివేటర్ కేబుల్ సర్దుబాటు తప్పు చేశారు, దాంతో ముక్కు కిందికి దించే వీలు తగ్గిపోయింది. పైగా బరువు ఎక్కువై వెనక్కి ఉంది. విచారణలో తేలిందేమిటంటే, పని నేర్పిస్తూ కొన్ని మెట్లు వదిలేయొచ్చని ఒప్పుకున్న మనిషే ఆ పనికి ఇన్‌స్పెక్టర్ కూడా. రెండో జత కళ్లు అక్కడ లేవు.

ఇంకా పాతది ఒకటి ఉంది. 1935 అక్టోబరు 30న బోయింగ్ వాళ్ల కొత్త బాంబర్ మోడల్ 299ని ఒహైయోలోని రైట్ ఫీల్డ్‌లో చూపించడానికి లేపారు. నేల మీద నిలబెట్టినప్పుడు గాలికి కంట్రోళ్లు కొట్టుకోకుండా ఒక లాక్ వేస్తారు, అది తీయడం మర్చిపోయారు. విమానం నిట్టనిలువుగా పైకి లేచి, ఆగి, పడిపోయింది, ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అనుభవం లేనివాళ్లు కాదు వాళ్లు. ఎగిరే ముందు కాగితం చూసి ఒక్కొక్కటి పైకి చదువుతూ చెక్ చేసుకునే అలవాటు పైలట్లలో గట్టిపడింది ఆ తర్వాతే. నా లాక్ బిగించకపోవడం, వాళ్ల లాక్ తీయకపోవడం, రెండూ ఒకటే తప్పు.

కాబట్టి మా దగ్గర ఇప్పుడు పద్ధతి ఇది. ఒకరు బిగిస్తారు, ఇంకొకరు చూస్తారు. చూసేవాళ్లు "అంతా అయిందిగా" అని అడగకూడదు, ఆ మాట అడిగితే "అయింది" అనే జవాబే వస్తుంది. ప్రతి చేతి లాక్‌నీ తన చేత్తో పట్టి లాగాలి, ఊపాలి, పైకి చెప్పాలి: "ఒకటో చేయి గట్టిగుంది, రెండో చేయి గట్టిగుంది". పక్కన రైతు నవ్వినా పర్వాలేదు.

ఇక షెడ్డులోంచి బయటికి తీసిన రోజు చేయాల్సిన పని. ముందు ఎలుకలు. ఎరువుల షెడ్డులో ఎలుకలు వైరు తోలు కొరుకుతాయి, ముఖ్యంగా చేతుల లోపలి నుంచి మోటార్‌కి వెళ్లే వైర్లు. మడత దగ్గర తోలు నలిగిందా, లోపల రాగి కనిపిస్తుందా, టార్చ్ వేసి చూడండి. తర్వాత కందిరీగలు. ఇవి చిన్న రంధ్రం కనిపిస్తే మట్టి పెట్టేస్తాయి. పెద్ద విమానాల్లో గాలి వేగం కొలిచే గొట్టం మూసుకుపోయి ప్రమాదాలు జరిగాయి, 1996లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర 189 మంది చనిపోయిన ప్రమాదంలో కందిరీగ గూడే కారణమై ఉంటుందన్నారు. మన డ్రోన్‌లో ఎత్తు చూసే సెన్సర్‌కి గాలి వెళ్లే రంధ్రం, కింద నేలను చూసే రాడార్ ముఖం, రెండూ శుభ్రంగా ఉండాలి.

సముద్రం పక్క ఊళ్ల వాళ్లకి ఇంకో మాట. మైపాడు, అల్లూరు, ఇటు కొత్తపట్నం వైపు ఉప్పుగాలి చేసే పని కంటికి కనిపించదు. బ్యాటరీ కనెక్టర్, మోటార్ వైర్ల జాయింట్లు ఆకుపచ్చగా, తెల్లగా పూతపట్టి ఉంటే ఆ చోట కరెంటు సరిగా పోదు, ఖాళీగా ఎగిరినప్పుడు తెలియదు, నిండు ట్యాంకుతో లేచినప్పుడు ఒక మోటార్ తగ్గుతుంది. నాలుగు మోటార్ల డ్రోన్‌లో ఒకటి ఆగితే ఇక అది నిలబడదు. ఆరు మోటార్లదైతే తేలికగా ఉన్నప్పుడు ఎలాగో దించుకోవచ్చు, పది లీటర్ల బరువుతో ఉంటే మాత్రం ధైర్యం చెప్పలేను. మోటార్లను కరెంటు లేకుండా చేత్తో తిప్పండి. ఒకటి గరగరమంటే, లేదా మిగతావాటికంటే బిగుసుగా తిరిగితే, లోపల బేరింగ్‌లో మందు పొడో ఉప్పో చేరింది. దాన్ని మార్చేదాకా లేపొద్దు. రెక్కల అంచుల్ని గోటితో రాసుకుంటూ వెళ్లండి, వెంట్రుకంత చీలిక ఉన్నా గోటికి తగులుతుంది. చీలిన రెక్కని గమ్‌తో అతికించి వాడే వాళ్లని చూశాను, దయచేసి వద్దు.

తర్వాత రెక్కలు పూర్తిగా తీసేసి మోటార్లు తిప్పి చూడాలి. ఒకటో నంబరు నొక్కితే ఒకటే తిరగాలి, అది ఏ దిక్కుకి తిరగాలో కంపెనీ పుస్తకంలో బొమ్మ ఉంటుంది, దాన్ని ఎదురుగా పెట్టుకుని చూడండి. మెకానిక్ దగ్గర నుంచి వచ్చిన డ్రోన్ అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే మోటార్‌కి వెళ్లే మూడు వైర్లలో ఏ రెండు తారుమారైనా అది వెనక్కి తిరుగుతుంది. రెక్కలు బిగించేటప్పుడు కూడా కుడివైపు తిరిగేది, ఎడమవైపు తిరిగేది కలిసిపోతే లేచీ లేవకముందే తిరగబడుతుంది. ఇక రిమోట్. రెండు స్టిక్‌లలో ఏది దేనికో ఒక్కో రిమోట్‌లో ఒక్కోలా పెట్టుకుంటారు, మోడ్ ఒకటి, మోడ్ రెండు అని. ఇంకొకరి రిమోట్ అరువు తెచ్చుకున్నప్పుడు, సర్వీస్‌కి ఇచ్చి తెచ్చుకున్నప్పుడు, అది మారిపోయి ఉండొచ్చు. మొదటిసారి మనిషి ఎత్తు కూడా లేపకుండా, కాస్త కుడికి, కాస్త ఎడమకి, ముందుకు, వెనక్కి తోసి, తోసిన వైపే కదులుతుందో లేదో చూడండి. పెద్ద విమానం పైలట్లు కూడా ప్రతిసారీ లేచేముందు కంట్రోళ్లను చివరిదాకా తిప్పి, అడ్డు లేకుండా కదులుతున్నాయా, సరైన దిక్కుకే కదులుతున్నాయా అని చూసుకుంటారు.

కంపాస్ విషయంలో మనవాళ్లు చేసే తప్పు, ట్రాక్టర్ పక్కనే నిలబడి కాలిబ్రేషన్ (దిక్కు సరిచేయడం) చేయడం. ఇనుము దగ్గర ఉంటే కంపాస్‌కి ఉత్తరం తప్పుతుంది. కల్వర్టు మీద కూడా చేయకండి, సిమెంటు లోపల ఇనప చువ్వలుంటాయి. బైకు, జేబులో ఫోను, బోరు మోటారు, ఇవన్నీ దూరంగా పెట్టి ఖాళీ కయ్యలోకి వెళ్లి చేయండి. కంపాస్ తప్పితే డ్రోన్ నిలబెట్టినచోట నిలబడకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది, ఆ తిరుగుడు పెద్దదవుతూ పోతుంది. అలా కనిపిస్తే జీపీఎస్ మోడ్ వదిలి చేత్తో నడిపి దించేయాలి, అది రాని వాళ్లు సీజన్‌కి ముందు ఖాళీ ట్యాంకుతో నేర్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట. 2025 నవంబరు చివర్లో ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాలు ప్రపంచమంతా దాదాపు 6,000 ఆపి సరిచేయాల్సి వచ్చింది, మన దేశంలోనే 300కి పైగా. కంట్రోళ్లను నడిపే కంప్యూటర్‌లో కొత్త వెర్షన్‌కి గట్టి సౌర కిరణాల వల్ల డేటా చెడిపోయే అవకాశం ఉందని తేలింది, చాలా విమానాలకు పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడమే మందైంది. అంత పెద్దవాళ్లకే కొత్త వెర్షన్ చిక్కు తెచ్చిపెట్టినప్పుడు, రేపు పొద్దున్న పని పెట్టుకుని ఈ రాత్రి మనం అప్‌డేట్ కొట్టడం సరికాదు. అప్‌డేట్ చేస్తే ఆ రోజంతా నీళ్లతో ఎగరేసి చూడాలి, సెట్టింగులు మారాయేమో ఒక్కొక్కటి తిరిగి చూడాలి. ముఖ్యంగా సిగ్నల్ పోతే ఇంటికి తిరిగొచ్చే ఎత్తు. అది తక్కువగా ఉంటే డ్రోన్ నేరుగా వచ్చే దారిలో తాటిచెట్టో కరెంటు తీగో ఉన్నా చాలా డ్రోన్లకు తెలియదు. మన రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లకి లాగిన తీగలు చేతికందే ఎత్తులో వేలాడుతుంటాయి, గుంట పక్క కయ్య కొట్టాలంటే ముందు నడిచి చూసి రండి, మ్యాప్‌లో అవి కనిపించవు.

బ్యాటరీ ఉబ్బితే పక్కన పెట్టేయండి, ఒక్క సీజన్ లాగుదాం అనుకోకండి. నిండా ఛార్జ్ అయ్యాక అన్ని సెల్స్ 4.2 వోల్టుల దగ్గర సమానంగా ఉండాలి, ఒకటి మాత్రం వెనకపడితే బరువు మీద అదే ముందు కూలుతుంది.

డ్రోన్ దీదీ పథకం కింద మన సంఘాల్లో అక్కచెల్లెళ్లు కూడా మందు కొడుతున్నారు. వాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. పెద్ద రైతు వచ్చి "ఏంటమ్మా ఇంతసేపు, లేపండి" అని తొందరపెడితే టెన్షన్ పడకండి. మీ ఇద్దరూ చూడటం పూర్తికాలేదంటే అది ఎగరదు, అంతే. ఆ మాట అనడానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, రిమోట్ ఎవరి చేతిలో ఉంటే నిర్ణయం వాళ్లదే.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డ్రోన్‌కి యునిక్ ఐడీ నంబరు, నడిపేవాళ్లకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. డిజిటల్ స్కైలో (డ్రోన్ల ప్రభుత్వ వెబ్‌సైట్) మ్యాప్ చూడకుండా కొత్త ఊరికి వెళ్లకండి, దక్షిణంగా నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు వెళ్లేవాళ్లు మరీ, అక్కడ శ్రీహరికోట ఉంది. ప్రమాదం జరిగితే 48 గంటల్లోపు డిజిటల్ స్కై ద్వారా డీజీసీఏకి (కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థకి) తెలపాలి.

అన్నీ అయ్యాక మొదటి లోడు మందు కాదు, నీళ్లు. ట్యాంకు సగం నింపి ఒకసారి, నిండా నింపి ఒకసారి. సగం ఉన్నప్పుడు నీళ్లు అటూఇటూ కొట్టుకుని మలుపుల్లో డ్రోన్ ఊగుతుంది, ఆ ఊపు ఎంత ఉంటుందో మీ కళ్లకి అలవాటు కావాలి. కిందికి దించి మోటార్లు పూర్తిగా ఆగాక, బ్యాటరీ తీసి, ఒక్కో మోటార్ మీద చేయి పెట్టి చూడండి. ఒకటి మాత్రమే ఎక్కువ వేడిగా ఉంటే ఆ చేయి వైపు ఏదో తేడా ఉంది. ఈ రెండు ట్రిప్పులకీ గట్టు మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, పిల్లల్ని అసలు.

ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. తేదీ, ఏం విప్పాం, ఎవరు బిగించారు, ఎవరు చూశారు. రెండు సంతకాలు. సీజన్ మధ్యలో మధ్యాహ్నం ఎండలో, రైతు పక్కనే నిలబడి ఉండగా, ఒక్క రెక్క మార్చినా ఆ రెక్కకి మళ్లీ రెండు సంతకాలు పడతాయి. రెండో మనిషి నీళ్లకి వెళ్లి ఉంటే, వచ్చేదాకా ఆగుతాం.