గెలిచి పడుకుంటానంటే తెల్లారిపోతుంది

ఆన్‌లైన్ గేమ్స్ మానలేక కౌన్సెలింగ్‌కి వచ్చే కుర్రాళ్లు మొదటి రోజే అడిగే ప్రశ్న: "రోజుకి ఎన్ని గంటలు ఆడొచ్చు మేడమ్?" ఆ లెక్క నేను వెంటనే తియ్యను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌కి (గేమ్స్ వ్యసనానికి) గంటల హద్దేమీ లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేకపోవడం చూస్తారు. అదీ మామూలుగా ఏడాది పాటు సాగితేనే.

మొదటి వారం ఏమీ తగ్గించకండి, ఒక నోట్‌బుక్‌లో రాయండి. లాగిన్ అయ్యే ముందు ఏం జరిగింది? మనసులో ఏముంది? ఆడాక ఏం దక్కింది? "బోర్ కొట్టింది" అని రాసి ఊరుకుంటే కుదరదు. దాని వెనక పూర్తి చెయ్యని అసైన్‌మెంటో, ఇంటర్వ్యూ టెన్షనో ఉంటుంది. ఒకబ్బాయి రాసుకున్నదంతా రాత్రి పదకొండు దాటాకే మొదలైంది. అతనితో కలిసి ఆడే స్క్వాడ్ (జట్టు) ఆన్‌లైన్‌కి వచ్చే టైమ్ అది. రోజంతట్లో అతనితో సరదాగా మాట్లాడేది వాళ్లే. అలాంటివాడి చేత ఆట ఒక్కసారిగా మాన్పిస్తే మనుషులు కూడా దూరమవుతారు. అందుకే ముందు సాయంత్రాలు వాళ్లతో ఉత్త కాల్ మాట్లాడటం అలవాటు చేయించాను.

రెండో వారం ఆటకి దారి కష్టం చెయ్యండి. నోటిఫికేషన్లు ఆపండి, సేవ్ అయిన కార్డు వివరాలు తీసేయండి, రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి. రోజూ తప్పకుండా లాగిన్ అయితే వచ్చే బహుమతుల వరుసని (డైలీ రివార్డ్ స్ట్రీక్) ఒకరోజు కావాలనే పోగొట్టుకోండి.

హద్దు గంటల్లో పెట్టుకోకండి, మ్యాచ్‌ల్లో పెట్టుకోండి. గడియారం చూసి మ్యాచ్ మధ్యలో ఎవరూ లేవరు. రెండు మ్యాచ్‌లనుకుంటే రెండోది ఓడినా లేవాలి. అసలు కష్టం ఇక్కడే. "ఇదొక్కటి గెలిచి పడుకుంటా" అన్న ఆలోచన వచ్చినప్పుడు దాన్ని కాగితం మీద పెట్టి, పోయినసారి అలా అనుకున్న రాత్రి ఎప్పుడు పడుకున్నారో పక్కన రాయండి. ఆడాలన్న కోరికకి పదికి ఎంతో మార్కు వెయ్యండి, ఇరవై నిమిషాలాగి మళ్లీ వెయ్యండి. చాలాసార్లు తగ్గుతుంది.

(అమ్మానాన్నలకి ఒక మాట: మ్యాచ్ మధ్యలో వైఫై పీకితే గొడవ తప్ప ఏమీ రాదు.)

ఖాళీ అయిన వేళలోనే వేరే పని పెట్టండి. రాత్రి పదకొండుకి ఆడేవాడికి పొద్దున జిమ్ మంచిదే గానీ, ఆ పదకొండు అలాగే ఉంటుంది.

ఇదంతా ఒంటరిగా కాకపోతే సైకాలజిస్టుని కలవండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఇంటర్నెట్, కంప్యూటర్ గేమ్స్ వ్యసనం ఉన్న 143 మంది మగవాళ్లతో చేసిన ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పద్ధతిలో 15 గ్రూప్ సెషన్లు, 8 దాకా విడి సెషన్లు. చికిత్స పొందినవాళ్లలో దాదాపు 69 శాతం బయటపడ్డారు, చికిత్స ఇంకా మొదలవక వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లలో 24 శాతమే. డిప్రెషన్ ఉన్నా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా మాత్రం ఈ నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి.