ముహూర్తానికి ముందు మెడ మీద పులిపిర్లు తీయించుకుంటున్నారా?

పెళ్లి పది రోజుల్లో ఉందనగా చాలామందికి మెడ మీది పులిపిర్లు (స్కిన్ ట్యాగులు) గుర్తొస్తాయి. నెక్లెస్ పెట్టుకుని అద్దంలో చూసుకున్నప్పుడో, ఫొటోగ్రాఫర్ క్లోజప్ తీసినప్పుడో. నిమిషాల్లో అయిపోయే పనే కదా, ఆఖర్న చూసుకోవచ్చులే అనుకుంటారు. తీయడం నిమిషాల పనే, మానడం కాదు. చెక్కు కట్టి రాలడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా మన చామనఛాయ ఒంటి మీద నల్లమచ్చ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. అందుకే కనీసం నెలన్నర ముందు తీయించుకోండి. అంత వ్యవధి లేకపోతే పెళ్లయ్యాకే. పులిపిరి కంటే దాన్ని తీసిన మచ్చే ఫొటోలో బాగా కనబడుతుంది.

విశాఖ వేసవిలో ఎండ కంటే ఉక్కతోనే ఇబ్బంది. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. మెడ, చంకలు, గజ్జలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. పులిపిరి తీసి ఇంకా పచ్చిగా ఉన్న చోట చెమట నిలిస్తే చీము పట్టే ప్రమాదం ఉంది. తొందర లేనివాళ్లు డిసెంబరు, జనవరి చూసుకోవడం మేలని నా అభిప్రాయం. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లేవాళ్లు తొడల మధ్యవి మాత్రం దానికి ముందు ముట్టుకోకండి. 32 కిలోమీటర్లు నడిస్తే బాగున్న చర్మమే ఒరుసుకుపోతుంది.

తీయించే ముందు అసలది ఏమిటో తేల్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. స్కిన్ ట్యాగ్ అంటే సన్నటి కాడతో వేలాడే మెత్తటి కండ. ఒంటిరంగులోనో కాస్త ముదురుగానో ఉంటుంది, మామూలుగా నొప్పి ఉండదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. వేళ్ల మీద, పాదాల మీద గరుకుగా లేచేవి వేరు. అవి హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తాయి, గీరితే పక్కకు పాకుతాయి. మనవాళ్లు రెండిటినీ పులిపిర్లే అంటారు కాబట్టి ఫోన్లో చెప్పి సలహా అడిగితే లాభం లేదు, చూపించాల్సిందే. ఈ మధ్యే గబగబా పెరిగింది, ఒక్కో చోట ఒక్కో రంగులో ఉంది, దెబ్బ తగలకుండానే రక్తం కారుతోంది, చేతికి గట్టిగా తగులుతోంది అంటే దాన్ని కరెంటుతో కాల్చేయమని డాక్టరును తొందరపెట్టకండి. కాల్చేస్తే పరీక్షకు ముక్క మిగలదు. అనుమానం ఉంటే కోసి బయాప్సీకి పంపుతారు.

మెడ చుట్టూ గుత్తులుగా ఉండి, మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారితే షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో ఈ రెండూ తరచూ కలిసే కనబడతాయి. గర్భిణులకు వచ్చినవి కాన్పయ్యాక కొన్ని వాటంతటవే తగ్గుతాయి, కాబట్టి ఆగి చూడొచ్చు.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి ఉన్నాయి. గుండెలో పేస్‌మేకర్ ఉంటే కరెంటుతో కాల్చే పద్ధతికి ముందే చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులు వాడుతుంటే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి. పంటి డాక్టరు ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ పడకపోయి ఉంటే అదీ చెప్పండి, ఇక్కడా సాధారణంగా అలాంటి మత్తే వాడతారు. పాత గాయాలు, చెవి కుట్టిన చోట్లు ఉబ్బి కీలాయిడ్ అయిన ఒళ్లయితే ఒకటి తీయించి, మానే తీరు చూశాకే మిగతావి.

పద్ధతి ఎంచడం డాక్టరు పని. అయినా మచ్చ పడుతుందా అని ఒక మాట అడగండి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తే నల్లటి చర్మం మీద తెల్లమచ్చ మిగలొచ్చు. మెడ మీది చిన్నవాటికి కత్తిరించడమో, కరెంటుతో కాల్చడమో చాలాసార్లు సరిపోతుంది. కనురెప్ప మీద ఉంటే కంటి డాక్టరు దగ్గరకే వెళ్లండి. హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

బ్యూటీ పార్లర్‌లో ‘అక్కా, రెండు నిమిషాల్లో తీసేస్తాం’ అంటే వద్దనండి. ఒకరికి వాడిన సూది సరిగ్గా శుభ్రం చేయకుండా ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి రావచ్చు. ఇంటి చిట్కాలుగా పూసే సున్నం, జిల్లేడు పాలు, నల్లజీడి ఒళ్లు కాల్చేస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆన్‌లైన్‌లో దొరికే చుక్కల మందులూ వద్దు. ఇంట్లో వేసుకుని స్కిన్ ట్యాగులు పోగొట్టుకునే మందు దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే చెప్పింది.

తీయించాక పుస్తెలతాడు సంగతి. గొలుసైనా, పసుపుతాడైనా పచ్చి చోట ఒరుసుకుంటే మానదు. తీయడానికి మనసొప్పకపోతే ముందే చెప్పండి, తాడు తగిలే చోట పలచటి గాజుగుడ్డతో కట్టు వేస్తారు. బైకు మీద వెళ్లేవాళ్లకు హెల్మెట్ పట్టీ, ఆఫీసు వాళ్లకు ఐడీ కార్డు తాడు కూడా ఇలాగే ఒరుస్తాయి. మంగళస్నానం నలుగుపిండి, పసుపు, సెంటు అక్కడ తగలనివ్వకండి. చెక్కు గిల్లకండి. ఆర్కే బీచ్‌లో స్నానం చెక్కు రాలాకే. బయటికెళ్తే గొడుగో చున్నీయో కప్పుకోండి, మానాక సన్‌స్క్రీన్ రాయండి. మచ్చ ముదిరేది ఎండకే. మందుల షాపువాడు ఇచ్చే ‘అన్నిటికీ పనిచేసే’ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, డాక్టరు రాసిందే వాడండి. ఎర్రదనం రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆగకుండా చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్లు మరీను.

డబ్బు విషయం ముందే తేల్చుకోండి: లెక్క ఒక్కోదానికా, మొత్తం సిట్టింగుకా అని. అందం కోసం తీయించుకుంటే ఆరోగ్య బీమా మామూలుగా వర్తించదు.