చేలో చమురు తేలిన రోజు: సాక్ష్యం ఎలా పట్టుకోవాలి

బోదెలోనో చెరువులోనో చమురు తేలిందంటే మన ఊళ్లలో జరిగేది ఒకటే. జనం పోగవుతారు, రోడ్డు మీద బైఠాయిస్తారు. సాయంత్రానికి చమురు కంపెనీ మనుషులు జీపులో దిగి "చూస్తాం" అంటారు. తెల్లారేసరికి ట్రాక్టర్లతో ఇసుక పోయించి వెళ్లిపోతారు. నెల తిరిగాక అక్కడ ఏం కారిందో, ఎంత కారిందో చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు. ధర్నా వద్దనడం లేదు. ఇసుక పడకముందే సాక్ష్యం మన చేతిలో ఉండాలంటున్నాను.

నేను కోనసీమలో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు చుట్టుపక్కల రైతులు కాయితాలు పట్టుకుని వస్తుంటారు. వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

సాక్ష్యం ఎంత పని చేస్తుందో నైజీరియాలోని బోడో అనే ఊరి వాళ్లను చూసి నేర్చుకోవాలి. 2008లో అక్కడ షెల్ కంపెనీ పైపులైను పగిలి మడ అడవుల్లోకి, చేపల వాగుల్లోకి వారాల తరబడి చమురు కారింది. మొదటి లీకులో పోయింది మొత్తం 1,640 పీపాలేనని కంపెనీ లెక్క రాసింది. ఆ లీకును ఎవరో వీడియో తీసి ఉంచారు. ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ కోరితే ఒక స్వతంత్ర నిపుణుల సంస్థ ఆ వీడియోను బట్టి లెక్కగట్టి, రోజుకే 1,440 నుంచి 4,320 పీపాల దాకా పోయి ఉంటుందని తేల్చింది. లండన్ కోర్టులో కేసు నడిచింది. తమ లెక్క తక్కువేనని షెల్ 2014లో ఒప్పుకోక తప్పలేదు. 2015 జనవరిలో బోడో వాసులకు 5.5 కోట్ల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ వీడియో లేకపోతే కంపెనీ రాసిన లెక్కే మిగిలేది.

ముందు ప్రాణం సంగతి. చమురు, గ్యాసు కలిసి వస్తున్న చోటికి ఫోన్ పట్టుకుని పరిగెత్తకండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గెయిల్ కంపెనీ గ్యాసు పైపులైను నుంచి కారిన గ్యాసు అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. పెద్ద లైన్లలో వెళ్లే గ్యాసుకు మన వంటగ్యాసులా వాసన కలపరు. కాబట్టి వాసన రాలేదని ధైర్యం తెచ్చుకోవద్దు. బుస్సుమనే శబ్దం, నీటిలో అదేపనిగా బుడగలు, నేల మీద తెల్లటి పొగలాంటి మంచు, లైను వెంట కారణం లేకుండా మాడిన గడ్డి: వీటిలో ఏది కనిపించినా గాలికి ఎదురు దిశలో దూరంగా వెళ్లాలి. బైకు స్టార్ట్ చేయకూడదు, మోటారు వేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు. దూరం వెళ్లాకే ఫోన్ చేయాలి. లైను వెంట పాతిన బోర్డుల మీద కంపెనీ ఎమర్జెన్సీ నంబరు, ఆ చోటి గుర్తు నంబరు ఉంటాయి. మీ పొలం దగ్గరి బోర్డును ఈ రోజే ఫొటో తీసి పెట్టుకోండి. కోనసీమలో ఇంత జాగ్రత్త ఎందుకని ఎవరూ అడగరు. ఇక్కడి పాశర్లపూడి గ్యాసు బావి 1995 జనవరి 8న బద్దలై రెండు నెలలకు పైగా మండింది.

గ్యాసు ప్రమాదం లేదని తేలితే పని మొదలుపెట్టండి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేయండి. ముందు దూరం నుంచి తీయండి. బావి తవ్వే రిగ్గో, గ్యాస్ స్టేషనో, పైపులైను బోర్డో, కొబ్బరి తోటో, ఏది ఎక్కడుందో తెలిసేలా ఒకే ఫొటోలో పడాలి. తర్వాత దగ్గరగా తీయండి. కొలత తెలియడానికి పక్కన స్కేలో, అగ్గిపెట్టో పెట్టండి. నీరు కదిలే దిక్కు తెలిసేలా ఒక నిమిషం ఆపకుండా వీడియో తీయండి. తీసిన ఫైళ్లను వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు. వాట్సాప్ ఫొటోలో లొకేషన్, తీసిన సమయం ఎగిరిపోతాయి. అసలు ఫైలు ఫోన్లోనే ఉంచి, ఇంకో చోట కాపీ దాచండి.

నీటి మీద రంగుల తెట్టు కనిపించగానే చమురని కేకలు వేయకండి. ఇనుము ఎక్కువున్న మురుగు బోదెల్లో బ్యాక్టీరియా వల్ల కూడా అలాంటి పొరే కడుతుంది. ఒక పుల్ల తీసుకుని పొరను గీయండి. బ్యాక్టీరియా పొరైతే అద్దం ముక్కల్లా పలుకులు పలుకులుగా విడిపోయి అలాగే ఉండిపోతుంది. చమురైతే గీత చుట్టూ సుడి తిరిగి మళ్లీ కలిసిపోతుంది. అదీ వీడియో తీయండి. రేపు ఎవరైనా "అది నాచు" అంటే చూపించడానికి పనికొస్తుంది.

ఇక శాంపిల్. కేసులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. నీళ్ల సీసాలో పట్టుకొచ్చిన చమురు నీళ్లు పనికిరావు. నూనె ప్లాస్టిక్‌కు అంటుకుపోయి లెక్క తక్కువ వస్తుంది. నూనె, గ్రీజు పరీక్షకు వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన గాజు సీసా కావాలి. దాన్ని అదే నీళ్లతో తొలిచి పారబోయకూడదు, ఎందుకంటే గోడకు అంటిన నూనె సీసాలోనే ఉండిపోయి లెక్క పెరుగుతుంది. ఒకేసారి నింపాలి, ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి వంచకూడదు. తెట్టు ఒక్కటే గరిటెతో తీసి నింపితే అవతలి లాయరు మొదటి ప్రశ్నతోనే పడగొడతాడు. నీరు సహజంగా ఉన్నట్టే తీయాలి. ఉప్పు, క్లోరైడు పరీక్షలకు మాత్రం ప్లాస్టిక్ సీసా చాలు, దాన్ని అదే నీటితో మూడుసార్లు తొలవాలి. బెంజీన్ లాంటివి ఆవిరైపోతాయి కాబట్టి వాటికి చిన్న గాజు బుడ్లు వేరే ఉంటాయి. లోపల గాలి బుడగ లేకుండా నింపాలి. ముందే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు ఫోన్ చేస్తే వాళ్లే సీసాలు, శాంపిల్ చెడకుండా వేయాల్సిన ఆమ్లం ఇస్తారు. ఐసు పెట్టెలో పెట్టి తీసుకెళ్లాలి.

కారిన చోట ఒక్కటే తీస్తే సరిపోదు. నీరు వచ్చే వైపు, చమురు తగలని చోట ముందు తీయండి. తర్వాతే కారిన చోట, దిగువన తీయాలి. వీఆర్వోనో, సర్పంచునో పిలిచి పంచనామా రాయించండి. సీసా మూత మీదుగా కాగితం అంటించి, దాని మీద తేదీ, సమయం, సర్వే నంబరు, ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో ఒక కాగితం మీద రాస్తూ పోండి. ల్యాబు రసీదు ఆ కాగితానికే పిన్ను కొట్టాలి.

మన దగ్గర కంపెనీలు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: "ఇది సముద్రపు ఉప్పండీ, మీ నేలలో ముందునుంచీ ఉన్నదే." అందులో సగం నిజం ఉంది. తీర మండలాల్లో ఉప్పునీరు ఎక్కిన బోర్లు ఉన్నాయి. చమురు బావి నుంచి వచ్చే నీరూ ఉప్పగానే ఉంటుంది. కాబట్టి క్లోరైడు ఒక్కటే పట్టుకుని వాదిస్తే ఓడిపోతాం. నూనె, గ్రీజుతో పాటు బేరియం కూడా పరీక్షించమని ల్యాబులో అడగండి. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదలో (దీన్నే డ్రిల్లింగ్ మడ్ అంటారు) బరువు కోసం బెరైటు అనే ఖనిజం పొడి కలుపుతారు. అందులో ఉండేది బేరియమే, సముద్రపు నీటిలో అది చాలా తక్కువ. రిగ్గు పక్క మట్టిలో బేరియం ఎక్కువై, దూరపు చేలో లేకపోతే సముద్రాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదు. నూనె, గ్రీజు విషయంలో ఒక అంకె గుర్తుంచుకోండి. బయటి నీటిలోకి వదిలే వ్యర్థజలంలో లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇంకో పని, చమురు కారకముందే చేసేది: రిగ్గు రాబోతోందని తెలిసిన వెంటనే మీ బావి నీరు, మట్టి పరీక్ష చేయించి ఉంచండి. ఇది చాలామందికి దండగ ఖర్చులా కనిపిస్తుంది. నా దృష్టిలో దీన్ని మించిన సాక్ష్యం లేదు.

ఫిర్యాదు నోటిమాటగా వద్దు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. చమురు బావి చట్టం ప్రకారం గని కిందికే వస్తుంది. అందుకని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్‌కు ఒక కాపీ పంపండి, ఈ సంగతి మన వాళ్లకు పెద్దగా తెలియదు.

ఆర్టీఐ దరఖాస్తుకు మండలి దగ్గర ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "కాలుష్యం వివరాలు ఇవ్వండి" అని అడగొద్దు, తెల్ల కాగితం వస్తుంది. ఆ బావికి ఇచ్చిన ఆపరేషన్ అనుమతి కాపీ, చివరి తనిఖీ నివేదిక, వ్యర్థాలు ఎక్కడికి తరలించారో చూపే పత్రాలు, పర్యావరణ అనుమతి షరతులపై కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి ఇవ్వాల్సిన అర్ధసంవత్సర నివేదిక అని పేరుపేరునా అడగండి. ఆ నివేదికలో "చుట్టుపక్కల నీటి నాణ్యత బాగుంది" అని రాసి ఉంటే, మీ ల్యాబు కాగితం దాని పక్కన పెట్టండి.

పర్యావరణ అనుమతి నిబంధనలకు 2020 జనవరిలో చేసిన సవరణ తర్వాత అన్వేషణ బావులకు, అంటే చమురు ఉందో లేదో చూడడానికి తవ్వే బావులకు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది, బావి తవ్వే దశలోనే కదా మడ్ గుంతలు నిండి పొర్లేది. ఉత్పత్తి దశకు మాత్రం సభ పెట్టాలి. 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. సభలో మాట్లాడిన ప్రతి ఒక్కరూ అదే మాట కాగితం మీద కూడా ఇచ్చి రండి.

పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. పరిహారం, నేల బాగుచేత అడగాలంటే నష్టం మొదలైనప్పటి నుంచి 5 ఏళ్ల లోపు, మిగతా వివాదాలకైతే 6 నెలల లోపు వెళ్లాలి. పరిహారం అడిగితే ఫీజు అడిగిన మొత్తంలో 1 శాతం, కనీసం 1,000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, మహిళల విషయంలో ఆదాయం చూడరు. అందుకే పట్టా అమ్మ పేరునో, అక్క పేరునో ఉన్న ఇళ్లలో ఆవిడ చేతే వేయించమంటాను.

ఈలోగా కంపెనీ వాళ్లు చెక్కు, దాంతో పాటు ఒక కాగితం తెస్తారు. "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అని ఉంటుంది. పంట నష్టం డబ్బు తీసుకోవచ్చు, తప్పు లేదు. ఆ వాక్యం మాత్రం కొట్టేయించి, "ఈ సంవత్సరం పంటకు మాత్రమే, నేల శుద్ధి బాధ్యత కంపెనీదే" అని రాయించండి. ఉప్పెక్కిన నేల ఒక వానాకాలంలో కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. బోడో ఉన్న ఒగోని ప్రాంతమంతా బాగుపడడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో చెప్పింది. వానలు వెళ్లాక అదే చోట, అదే లోతులో మళ్లీ మట్టి తీసి పరీక్ష చేయించండి. అంకెలు పాత స్థాయికి వచ్చాయంటే అప్పుడు సంతకం గురించి ఆలోచించవచ్చు.