అన్నం తగ్గించుకునే శాకాహారులకు

పిండిపదార్థం తగ్గించి తినాలనుకుంటే, ముందు అన్నం సంగతి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంతే బరువు కాలీఫ్లవర్‌లో 5 గ్రాములే, అందుకే అన్నం బదులు దాన్ని తురిమి వండుకోవచ్చు. మెహదీపట్నం రైతు బజార్లో గట్టి పువ్వు చూసి తెచ్చుకుని, కడిగి, తడి పూర్తిగా ఆరాకే తురమండి. వెడల్పాటి మూకుడులో, పెద్ద మంట మీద, మూత పెట్టకుండా 5 నిమిషాలు వేయించి, ఉప్పు చివర్లో చల్లండి. ముందే వేస్తే నీరూరి ముద్దవుతుంది. దీంట్లోకి గోంగూర పచ్చడి, నెయ్యి చక్కగా కుదురుతాయి.

చాలామంది పొరబడేది జొన్నరొట్టె దగ్గరే. పీచు ఉన్నమాట నిజం, కానీ 100 గ్రాముల జొన్నపిండిలో పిండిపదార్థం 65 గ్రాములు దాటుతుంది. ఒక్క రొట్టెతో ఆపాలి. పప్పు కూడా అరకప్పు చాలు.

మాంసకృత్తులకు పూటకు 100 గ్రాముల పనీర్ తింటే దాదాపు 18 గ్రాములు అందుతాయి. టోఫూ (సోయా పనీర్) అయినా మంచిదే. తీపి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మానేయాల్సిందే.

మొదటి వారం తలనొప్పి, నీరసం రావచ్చు. ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోవడమే కారణం. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి, బీపీ ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డోసు సరిచేయించుకోకుండా అసలు మొదలుపెట్టకండి. షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.